తేమ 84%, వాన 20% అంటోంది ఫోను. అప్పడాలు ఆరబెట్టాలా, వద్దా?

బరంపురం_అప్పడాలు | మే 24, ఉదయం 6:50

అందరికీ నమస్కారం. మేము ఇంట్లో మినప అప్పడాలు ఒత్తి అమ్ముతాం. నేను, మా అత్తగారు, పక్కింటి వాళ్ళిద్దరు. ఏడాది పనంతా ఈ మూడు నెలల్లోనే. మినప అప్పడం మాడే ఎండలో పెడితే అంచులు లేచి విరిగిపోతుంది. అందుకని మేడ మీద పాత చీరలు పందిరిలా కట్టి, ఆ నీడలో నులక మంచాల మీద గుడ్డ పరిచి ఆరబెడతాం.

నా గొడవ ఏమిటంటే, ఇప్పుడు ఫోనులో తేమ 84%, వాన 20% అని ఉంది. తేమ 84 అంటే వాన దగ్గరపడినట్టే కదా, మరి ఆ 20 ఏమిటి? మొన్న మంగళవారం తేమ 90 చూసి భయపడి పిండే కలపలేదు. రోజంతా ఒక్క చినుకు పడితే ఒట్టు. శుక్రవారం ఎండ నిప్పులు చెరిగింది, అయినా సాయంత్రానికి అప్పడాలు వేలు పెడితే వంగుతున్నాయి. నిన్న పగలంతా మబ్బే, కానీ ఒంటిగంటకల్లా గలగలలాడాయి. శుక్రవారం సరుకులో ఒక గంపెడు బూజు పట్టి పారబోశాం. ఎవరైనా విడమరిచి చెప్పండి.

రాయగడ_ఇంజినీర్ | మే 24, ఉదయం 7:15

సింపుల్ అండి. తేమ 100 అయితే వాన. 84 అంటే ఇంకా 16 తక్కువ.

పాత_అబ్జర్వర్ | మే 24, ఉదయం 9:05

ఇంజినీర్ గారూ, అంత సింపుల్ కాదు. ఆ రెండు శాతాలకీ చుట్టరికం చాలా తక్కువ.

అమ్మా, నేను ముప్పై ఏళ్ళు వాతావరణ కేంద్రంలో పరిశీలకుడిగా పనిచేసి రిటైరయ్యాను. రోజూ పొద్దున్న ఎనిమిదిన్నరకి వానమాపకం చూడటం, తెల్లపెట్టె తలుపు తీసి థర్మామీటర్లు చదవడం, అదీ ఉద్యోగం. నాకు తెలిసింది చెబుతాను.

తేమ శాతం అంటే, గాలి ఆ వేడిలో ఎంత ఆవిరిని పట్టుకోగలదో అందులో ఇప్పుడు ఎన్నో వంతు ఉంది అని. కిటుకంతా "ఆ వేడిలో" అన్న మాటలోనే ఉంది. 20 డిగ్రీల గాలి ఘనపు మీటరుకి 17 గ్రాముల ఆవిరితో నిండిపోతుంది. 30 డిగ్రీల గాలికి 30 గ్రాములు పడుతుంది. ఇప్పుడు మీ బరంపురం లెక్క చూద్దాం. ఉదయం 27 డిగ్రీలు, తేమ 90% అనుకోండి. మధ్యాహ్నం 33 డిగ్రీలు, తేమ 65%. రెండు పూటలా గాలిలో ఉన్న నీరు ఘనపు మీటరుకి 23 గ్రాములే. ఒక్క చుక్క తగ్గలేదు, పెరగలేదు. గిన్నె పెద్దదైంది, అంతే. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులున్న గదిలో ఆ లెక్కన అర లీటరుకి పైగా నీళ్ళు కంటికి కనపడకుండా తిరుగుతుంటాయి.

కాబట్టి మంగళవారం మీరు చూసిన 90 పొద్దున్నది. అది రోజూ ఉండేదే. కోస్తాలో మే నెల పొద్దున్న 80 దాటకపోతేనే ఆశ్చర్యపోవాలి.

పోనీ నేల దగ్గర గాలి 100కి చేరిందే అనుకోండి. అప్పుడు కూడా వచ్చేది పొగమంచు. వాన కావాలంటే ఆ గాలి పైకి లేవాలి, చల్లబడాలి, మబ్బు కట్టాలి, ఆ మబ్బు బాగా మందం కావాలి.

ఇక వాన 20% సంగతి. ఇవాళ్టిలాంటి రోజులు పది వస్తే, వాటిలో రెండు రోజులు మీ చోట వాన పడుతుందని అర్థం. ఊళ్ళో ఐదో వంతు తడుస్తుందనీ కాదు, రోజులో ఐదో వంతు సేపు కురుస్తుందనీ కాదు.

కోరాపుట్_టీచర్ | మే 24, ఉదయం 9:40

చిన్న సవరణ మాస్టారూ, ఏమీ అనుకోకండి. గాలి ఆవిరిని "పట్టుకుంటుంది" అనేది మాట వరసకే. గాలి బొత్తిగా లేని సీసాలో నీళ్ళు పోసి మూత పెట్టినా, ఆ వేడికి అంతే ఆవిరి నిండుతుంది. నిర్ణయించేది వేడి, గాలి కాదు. తొమ్మిదో తరగతి పిల్లలకి చెప్పీ చెప్పీ నాకు అలవాటైపోయింది.

పాత_అబ్జర్వర్ | మే 24, ఉదయం 9:52

ఒప్పుకుంటున్నాను టీచర్ గారూ. కానీ అప్పడాలకి గిన్నె చాలు.

గోపాల్‌పూర్_తీరం | మే 24, మధ్యాహ్నం 12:20

అక్కా, మాది సముద్రం మీద బతుకు. తేమ సంగతి మాస్టారు చెప్పారు కానీ అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. శుక్రవారం గాలి ఎటునుంచి? నిన్న ఎటునుంచి?

బరంపురం_అప్పడాలు | మే 24, మధ్యాహ్నం 2:10

గుర్తు చేసుకుని చెబుతున్నా తమ్ముడూ. శుక్రవారం పదకొండు దాకా ఆకు కదల్లేదు. తర్వాత తూర్పు నుంచి వచ్చింది, జిడ్డుగా. నిన్న పొద్దున్నించీ పడమటి గాలి. మా చీరల పందిరి తూర్పుకి ఉబ్బి ఉంది, అందుకే గుర్తుంది.

గోపాల్‌పూర్_తీరం | మే 24, మధ్యాహ్నం 2:35

అదీ సంగతి. తూర్పు నుంచి వచ్చింది సముద్రపు గాలి. ఎండకి నేల త్వరగా కాలుతుంది, నీళ్ళు అంత త్వరగా కాగవు. నేల మీది గాలి తేలికై పైకి లేస్తే, ఆ చోటులోకి సముద్రం మీది చల్లగాలి జొరబడుతుంది. మా తీరాన పదింటికే మొదలవుతుంది. మీరు పదిహేను కిలోమీటర్లు లోపల ఉన్నారు, మీకు రావడానికి ఇంకో గంట. రాత్రికి తిరగబడి నేల మీంచి సముద్రంలోకి వీస్తుంది. మా తాతలు తెల్లవారుజామున ఆ గాలి పట్టుకునే తెరచాప ఎత్తి లోపలికి వెళ్ళేవాళ్ళు, మధ్యాహ్నం సముద్రపు గాలికి ఒడ్డుకి వచ్చేవాళ్ళు. ఇప్పుడు మోటారు ఉంది కాబట్టి ఎవరికీ పట్టదు.

పడమటి గాలి బొలంగీర్ వైపు ఎండిపోయిన నేల మీంచి వస్తుంది. దానిలో తడి ఉండదు.

పాత_అబ్జర్వర్ | మే 24, సాయంత్రం 5:30

తీరం గారు చెప్పింది అక్షరాలా నిజం. అప్పడం మీద ఏం జరుగుతుందో చెబుతాను. తడి అప్పడాన్ని అంటిపెట్టుకుని తేమతో నిండిన గాలి పొర ఒకటి ఉంటుంది, పలచని దుప్పటిలా. గాలి వీయకపోతే ఆ దుప్పటి కదలదు, లోపలి తడి బయటికి రాదు. శుక్రవారం పదకొండు దాకా జరిగింది అది. తర్వాత గాలైతే వచ్చింది, దుప్పటి లేచిపోయింది, కానీ వచ్చిన గాలే సగానికి పైగా నిండి వచ్చింది. పైగా మీరు నీడలో పెట్టారు. ఎండ నేరుగా తగిలితే అప్పడమే వేడెక్కి ఆవిరిని బయటికి తోసేది, మీకు ఆ సాయమూ లేదు. ఎండ ఎంత కాసినా చీర మీదే కాసింది.

నిన్న మబ్బున్నా, పొడి గాలి రోజంతా దుప్పటి లాగేస్తూనే ఉంది.

టిట్లాగఢ్‌లో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కూలర్ పెడితే గది చల్లబడుతుంది, బరంపురంలో అదే కూలర్ పెడితే చెమట ఎక్కువవుతుంది. ఇదీ ఆ లెక్కే.

ఊరికే_వచ్చా | మే 24, సాయంత్రం 6:02

మా ఇంట్లో కూలర్ కొని నాలుగేళ్ళయింది. ఇవాళ తెలిసింది. ఎవరికైనా కావాలా, సగం ధరకి ఇస్తా.

బరంపురం_అప్పడాలు | మే 24, రాత్రి 8:15

మరి సాయంత్రం ఐదు దాటాక ఆరిన అప్పడం కూడా ఎందుకు మెత్తబడుతుంది? తీయడం అరగంట ఆలస్యమైతే చాలు.

పాత_అబ్జర్వర్ | మే 25, ఉదయం 6:40

ఉప్పు వల్లనమ్మా. మామూలు ఉప్పుకి ఒక గుణం ఉంది. చుట్టూ గాలిలో తేమ 75% దాటిందంటే ఆవిరిని లాక్కుని తనంతట తనే తడిసిపోతుంది. దాని లోపు ఉంటే పొడిగా ఉంటుంది. మీ అప్పడంలో ఉప్పు ఉంది, అప్పడాల కారం, అంటే సోడా ఉప్పు, అదీ ఉంది. పొద్దు వాలి గాలి చల్లబడుతుంటే గిన్నె చిన్నదవుతుంది, తేమ 75 దాటుతుంది. ఉప్పు పని మొదలుపెడుతుంది.

మీకు ఫోను అక్కర్లేదు. వంటింట్లో ఒక గాజు గిన్నెలో మెత్తటి ఉప్పు మూత లేకుండా పెట్టండి. గలగల రాలుతుంటే ఆరబెట్టండి. ముద్ద కడుతుంటే ఆగండి. రాళ్ళ ఉప్పు పెట్టకండి. అందులో మెగ్నీషియం లవణాలు కలిసి ఉంటాయి, అవి ఇంకా తక్కువ తేమకే చెమ్మగిల్లుతాయి, మిమ్మల్ని అనవసరంగా బెదిరిస్తాయి.

కోరాపుట్_టీచర్ | మే 25, ఉదయం 7:30

ఉప్పు మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి. మబ్బు పుట్టేది కూడా ఇలాగే. స్వచ్ఛమైన ఆవిరి తనంతట తను చుక్కగా మారదు. దేన్నయినా పట్టుకుని కూర్చోవాలి. ఏదీ లేని శుభ్రమైన గాలిలో చుక్క కట్టాలంటే తేమ 100 చాలదు, అంతకు నాలుగైదు రెట్లు కావాలి. గాలిలో దుమ్ము, పొగ, ఉప్పు రేణువులు ఉన్నాయి కాబట్టే 100 దాటీ దాటకముందే మబ్బు కడుతుంది. గోపాల్‌పూర్‌లో అల విరిగినప్పుడు లేచే తుంపర ఆరిపోయి ఉప్పు నలుసులుగా గాలిలో తేలుతుంది. అలాంటివే పైకి వెళ్ళి ఒక్కోటి ఒక్కో మబ్బు చుక్కకి విత్తనమవుతాయి. మీ ఉప్పు డబ్బాలో చెమ్మ, మా కొండ మీది మబ్బు, రెండూ ఒకటే పని.

గోపాల్‌పూర్_తీరం | మే 25, ఉదయం 8:11

మా ఇనప కిటికీలు తినేసేది కూడా ఆ నలుసులే.

వంశధార_రైతు | మే 25, ఉదయం 10:25

ఆలస్యంగా వచ్చాను. మాది కాశీనగర్ దగ్గర. మాకు ఫోనూ వద్దు, ఉప్పూ వద్దు, మహేంద్రగిరి ఉంది. కొండ తలపాగా చుట్టిందంటే గాలిలో నీళ్ళున్నట్టు. బోడిగుండుతో కనిపిస్తే ఆ రోజు వాన మీద ఆశ లేదు. మా నాన్న హయాం నుంచి ఇదే చూస్తున్నాం. దీనికి సైన్సులో ఏమైనా లెక్క ఉందా, లేక మా భ్రమా?

కోరాపుట్_టీచర్ | మే 25, ఉదయం 11:00

భ్రమ ఎంతమాత్రం కాదు, నిక్కమైన లెక్క ఉంది. గాలి పైకి లేస్తే ఒత్తిడి తగ్గి వ్యాకోచిస్తుంది, వ్యాకోచిస్తే చల్లబడుతుంది. మబ్బు కట్టని గాలి కిలోమీటరుకి దాదాపు 10 డిగ్రీలు చల్లబడుతుంది. ఎంత చల్లబడితే మంచు పట్టడం మొదలవుతుందో దాన్ని తుషార బిందువు అంటారు. ఇప్పుడున్న వేడిలోంచి తుషార బిందువుని తీసేసి, వచ్చినదాన్ని 125తో హెచ్చించండి. మబ్బు అడుగు ఎన్ని మీటర్ల ఎత్తున ఉంటుందో వచ్చేస్తుంది, ఉజ్జాయింపుగా.

మీ పొలంలో 33 డిగ్రీలు, తుషార బిందువు 25. తేడా 8. ఎనిమిది నూట పాతికలు వెయ్యి. వెయ్యి మీటర్ల దగ్గర మబ్బు. మహేంద్రగిరి ఎత్తు 1501 మీటర్లు. అంటే కొండ పై మూడో వంతు మబ్బులో. తలపాగా. అదే గాలి పొడిగా ఉండి తుషార బిందువు 18 అయితే తేడా 15, మబ్బు 1875 మీటర్ల దగ్గర. కొండ కిందే ఉండిపోయింది. బోడిగుండు.

మా కోరాపుట్ దాదాపు 870 మీటర్ల మీద ఉంది. వానాకాలంలో కోస్తా గాలి కొండెక్కి వస్తే మబ్బు మా వీధిలోనే ఉంటుంది. పిల్లలు స్కూలుకి మబ్బులో నడిచి వస్తారు, వాళ్ళకది వింతేం కాదు.

వంశధార_రైతు | మే 25, ఉదయం 11:20

ఎనిమిది నూట పాతికలు వెయ్యి! ఇది మా అబ్బాయికి చెప్పాలి, నన్ను ఎగతాళి చేస్తాడు. ఇంకొకటి అడుగుతా. "దూరపు గుడి దగ్గర వాన" అంటారు కదా. చంద్రుడి చుట్టూ గుడి దూరంగా కడితే వాన దగ్గర్లో ఉందని. ఇది కూడా నిజమేనా?

పాత_అబ్జర్వర్ | మే 25, సాయంత్రం 4:45

సగానికి పైగా నిజం. గుళ్ళు రెండు రకాలు. చంద్రుణ్ణి ఆనుకుని చిన్నగా, కాస్త రంగులతో కనిపించేది నీటి చుక్కల మబ్బు వల్ల. దూరంగా పెద్ద వలయంలా కనిపించేది మంచు పలుకుల వల్ల. చాలా ఎత్తున పలచటి తెరలాంటి మబ్బు పరుచుకుంటుంది, దానిలో ఉన్నదంతా ఆరు పలకల మంచు పలుకులే. వాటిలోంచి వెలుగు ఎప్పుడూ ఒకే కోణంలో, 22 డిగ్రీలు, వంగుతుంది. ఈసారి కనిపిస్తే చెయ్యి బారచాపి, వేళ్ళు బాగా విప్పి, బొటనవేలు చంద్రుడి మీద పెట్టండి. చిటికెనవేలి కొస ఇంచుమించు గుడి మీద పడుతుంది. ఎప్పుడు కొలిచినా అంతే.

బంగాళాఖాతంలో వాయుగుండం ఉంటే దాని నెత్తిమీంచి చిమ్మిన మంచు మబ్బు వందల కిలోమీటర్లు ముందే మన మీదికి వస్తుంది. అసలు వాన వెనకాల రావచ్చు. అందుకే సామెత పుట్టింది. కానీ ఎక్కడో ఉరిమి కురిసి అరిగిపోయిన మబ్బు తాలూకు పై ముక్క కొట్టుకొచ్చినా గుడి కడుతుంది. అప్పుడు వానా రాదు, ఏమీ రాదు.

రాయగడ_ఇంజినీర్ | మే 25, సాయంత్రం 5:10

చీమలు గుడ్లు మోయడం, కప్పలు అరవడం కూడా చెప్పేయండి, పనైపోతుంది.

వంశధార_రైతు | మే 25, సాయంత్రం 5:18

తమ్ముడూ, ఫోనులో 20% చూసి వాన రాదని చెప్పి రెండుసార్లు నా నువ్వులు తడిపావు నువ్వే. కప్పని అనకు.

బరంపురం_అప్పడాలు | మే 28, రాత్రి 9:30

ఇవాళ జరిగింది చెబితే నవ్వుతారు. మధ్యాహ్నం నాలుగింటి దాకా ఉక్కపోత, ఆకాశం మామూలుగానే ఉంది. ఉప్పు కూడా గలగలలాడింది మాస్టారూ. నాలుగుంపావుకి వాయవ్యం మూల ఒక నల్లటి గోడ లేచింది. గాలి ఠక్కున ఆగిపోయింది. సరే, ఇంకా దూరం కదా అని మెట్లెక్కుతున్నాను. ఇంతలో ఎక్కణ్ణించి వచ్చిందో, ఒక్కసారిగా చల్లటి గాలి, దుమ్ము, చీరల పందిరి మొత్తం లేచిపోయింది. మూడు వందల అప్పడాలు పక్షుల్లా ఎగిరాయి. సగం పక్కింటి వాళ్ళ సపోటా చెట్టు మీద. అప్పటికి ఇంకా ఒక్క చినుకు లేదు. తర్వాత రూపాయి బిళ్ళంత చినుకులు, ఐదు నిమిషాలు వడగళ్ళు, ఇరవై నిమిషాల వాన. మా ఆడపడుచు ఇల్లు రెండు కిలోమీటర్లు కూడా ఉండదు, అక్కడ నేల తడవలేదట! వాన కంటే ముందు ఆ చల్లగాలి ఎందుకు వచ్చింది?

గోపాల్‌పూర్_తీరం | మే 28, రాత్రి 9:41

ఒడియా వాళ్ళు దీన్నే కాళబైశాఖి అంటారు. మేము ఆ నల్ల గోడ కనిపిస్తే ఉన్నపళంగా ఒడ్డుకి వచ్చేస్తాం. అప్పడాలకి సంతాపం అక్కా.

పాత_అబ్జర్వర్ | మే 29, ఉదయం 7:20

ఉప్పు మీ మేడ మీది గాలి సంగతే చెబుతుందమ్మా, వాయవ్యం మూల సంగతి దానికేం తెలుసు.

నేల మీది వేడి తడిగాలి మీద, పైన పడమటి నుంచి వచ్చిన పొడిగాలి మూతలా కూర్చుంటుంది. కుక్కర్ లాగా. మధ్యాహ్నం దాటాక ఏదో ఒకచోట మూత లేస్తుంది, గాలి పదీ పన్నెండు కిలోమీటర్ల ఎత్తుకి దూసుకుపోతుంది. ఆవిరి చుక్కగా మారినప్పుడల్లా, అది ఆవిరి కావడానికి తిన్న వేడిని కక్కుతుంది. ఆ వేడితో గాలి ఇంకా పైకి లేస్తుంది. మబ్బుకి ఇంధనం అదే.

మీ చల్లగాలి సంగతి. మబ్బులో చుక్కలు బరువెక్కి కిందికి పడుతూ గాలిని తమతో లాక్కొస్తాయి. దారిలో కొన్ని చుక్కలు ఆవిరైపోతాయి, ఆవిరైతే చుట్టూ గాలి చల్లబడుతుంది, మీ కుండలో నీళ్ళలాగే. చల్లబడ్డ గాలి బరువు. ధబీమని నేల మీద పడి, నీళ్ళ బకెట్ ఒలికినట్టు నాలుగు దిక్కులా పరుగెత్తుతుంది. వాన ఇంకా కొన్ని కిలోమీటర్ల అవతల ఉండగానే ఆ గాలి మీ మేడ చేరింది. అంతకు ముందు గాలి ఆగిపోయింది చూశారూ, అదే మీకు మిగిలిన టైము. ఐదు నిమిషాలు, మహా అయితే పది.

పెద్ద చినుకులు ముందు పడటం కూడా న్యాయమే. ఐదు మిల్లీమీటర్ల చుక్క సెకనుకి 9 మీటర్లు పడుతుంది. ఒక మిల్లీమీటరు చుక్క 4 మీటర్లు. పెద్దది గెలుస్తుంది. బొమ్మల్లో వేసినట్టు చినుకు పైన మొనదేలి ఉండదు. పెద్ద చినుకు కింద చదునుగా, పైన ఉబ్బుగా, ఇడ్లీలా పడుతుంది. మరీ పెద్దదైతే విరిగిపోతుంది. ఒక మామూలు చినుకు కావాలంటే పది లక్షల మబ్బు చుక్కలు కలవాలి.

మీ ఆడపడుచు ఇంటికి రాలేదంటే, ఇలాంటి మబ్బు అడుగు వెడల్పు ఐదారు కిలోమీటర్లే ఉండొచ్చు, దాని అంచు మీ రెండిళ్ళ మధ్య పడింది. అందుకే రేడియోలో "ఒకటి రెండు చోట్ల" అని చెబుతారు. అది ఊరికే అనే మాట కాదు. జిల్లాలోని వానమాపకాల్లో నాలుగో వంతు లోపు వాటిలో వాన పడితే "ఒకటి రెండు చోట్ల", సగం దాకా అయితే "కొన్ని చోట్ల", ముప్పాతిక దాకా "చాలా చోట్ల", అది కూడా దాటితే "దాదాపు అన్ని చోట్లా".

ఊరికే_వచ్చా | మే 29, ఉదయం 7:48

నలభై ఏళ్ళుగా రేడియో వింటున్నా. తప్పించుకోవడానికి అలా అంటారనుకున్నా.

కోరాపుట్_టీచర్ | మే 29, ఉదయం 8:30

అప్పడాలు పోతే పోయాయి, ఆ నల్ల గోడ కనిపించాక మీరు మేడ ఎక్కడం నాకు నచ్చలేదండి. పిడుగు వానకి పది కిలోమీటర్ల ముందు కూడా పడుతుంది. మెరుపు చూసి ఉరుము వినేదాకా లెక్కపెట్టండి, మూడు సెకన్లకి ఒక కిలోమీటరు. ముప్పై లోపు వస్తే ఇంట్లోకి. చెట్టు కిందికి కాదు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ వాళ్ళ దామిని యాప్ ఫోనులో పెట్టుకోండి, చుట్టుపక్కల పిడుగులు పడుతుంటే చెబుతుంది.

రాయగడ_ఇంజినీర్ | మే 29, ఉదయం 9:15

ఈసారి తెలియకే అడుగుతున్నా, తిట్టకండి. తుఫాను గాలి, ఈ గాలి ఒకటేనా?

గోపాల్‌పూర్_తీరం | మే 29, ఉదయం 11:50

ఏటండి ఇంజినీర్ గారూ, పోలికే లేదు. ఇది గంటలో అయిపోయేది. తుఫాను మిమ్మల్ని మధ్యలో పెట్టుకుని తిరుగుతుంది.

2013 అక్టోబర్ 12, ఫైలిన్. రాత్రి మా మీదే తీరం దాటింది. అంతకు ముందే గోపాల్‌పూర్‌లో పదో నంబరు సిగ్నల్ ఎత్తారు. మమ్మల్నందరినీ ముందు రోజే షెల్టర్‌కి తోలారు. మొదట ఈశాన్యం నుంచి కొట్టింది. ఇనప రేకులు కాగితాల్లా ఎగిరిపోతున్న చప్పుడు. తర్వాత ఉన్నట్టుండి నిశ్శబ్దం. చెవులు గుయ్యిమంటున్నాయి. కుర్రాళ్ళు అయిపోయిందని తలుపు తీయబోతే, మా పెదనాన్న అడ్డంగా కూర్చున్నాడు, "కన్ను దాటుతోంది, ఇంకో సగం ఉంది" అని. అన్నట్టే ఈసారి ఎదురు దిక్కు నుంచి, నైరుతి నుంచి వచ్చింది. మొదటి గాలికి వంగిన కొబ్బరిచెట్లు రెండో గాలికి విరిగాయి.

పాత_అబ్జర్వర్ | మే 29, మధ్యాహ్నం 3:05

మీ పెదనాన్న గారికి దండం. మన వైపు తుఫాను గాలి గడియారం ముల్లుకి ఎదురు తిరుగుతుంది, భూమి తిరగడం వల్ల. అందుకే కన్ను మీదుగా పోతే గాలి సరిగ్గా వెనక్కి తిరుగుతుంది. డచ్చి శాస్త్రవేత్త బైస్ బాలట్ 1857లో చెప్పిన ఉపాయం ఒకటుంది, యాప్ లేకపోయినా పనికొస్తుంది. గాలికి వీపు పెట్టి నిలబడండి. ఎడమ చెయ్యి వైపు అల్పపీడనం ఉంటుంది. గంట గంటకీ చూస్తూ ఉంటే అది ఎటు జరుగుతోందో తెలుస్తుంది. బయట నిలబడగలిగినంతసేపే సుమా.

వంశధార_రైతు | మే 29, రాత్రి 8:40

మాకు గాలి కాదు, నీళ్ళు. 2018 అక్టోబర్ 11 తిత్లీ. తీరం దాటింది పలాస వైపు. మేము లోపల ఉన్నాం కదా, గాలి తగ్గిపోతుంది అనుకున్నాం. గాలి తగ్గింది. మబ్బు గజపతి కొండలకి గుద్దుకుని అక్కడే దింపేసింది. వంశధార పొంగింది, కొండచరియలు విరిగి ఊళ్ళ మీద పడ్డాయి, చాలామంది పోయారు. తుఫాను పేరు చెప్పగానే అందరూ గాలి వేగం అడుగుతారు. మా వైపు ఎవరూ అడగరు, ఎన్ని మిల్లీమీటర్లు అని అడుగుతారు.

బరంపురం_అప్పడాలు | జూన్ 6, సాయంత్రం 6:25

మాస్టారూ, మీరు ఫోనులో చెప్పినట్టు రెండు థర్మామీటర్లు కొని గోడకి నీడపట్టున తగిలించాను. ఒకదాని గుండుకి దీపం ఒత్తి చుట్టి, ఒత్తి రెండో కొస నీళ్ళ సీసాలో వేశాను. విసనకర్రతో రెండు నిమిషాలు విసిరి చూశాను. పొడిది 33, తడిది 28. తేడా 5. లెక్క ఎంత?

పాత_అబ్జర్వర్ | జూన్ 6, సాయంత్రం 7:00

68% దగ్గర. తడి గుండు ఎంత చల్లబడితే గాలి అంత పొడిగా ఉన్నట్టు. రెండూ ఒకటే చూపిస్తే గాలి నిండిపోయినట్టు. మీ అప్పడం కూడా ఒక తడి గుండే, ఆ థర్మామీటరు ఎంత ఇష్టంగా ఆరుతోందో అప్పడం కూడా అంతే ఇష్టంగా ఆరుతుంది.

కోరాపుట్_టీచర్ | జూన్ 6, రాత్రి 8:10

మా స్కూల్లో మొన్న పొడిది 30, తడిది 21 వచ్చింది. 45 చుట్టూ. అప్పడాలు మా ఊరికి పంపండి, ఆరబెట్టి తిరిగి పంపుతాం.

ఊరికే_వచ్చా | జూన్ 6, రాత్రి 8:22

తిరిగి ఎన్ని వస్తాయో మాత్రం అడక్కండి.

బరంపురం_అప్పడాలు | జూన్ 14, ఉదయం 8:45

ఇవాళ ఒడియా వాళ్ళ రజ పండగ మొదటి రోజు, వీధిలో ఉయ్యాలలు కట్టారు, రాత్రంతా ముసురు. అప్పడాల పని కట్టేశాం, మళ్ళీ ఎండాకాలానికే. ఊరికే ఉండలేక నిన్న ఎనిమిదిన్నరకి మేడ మీద ఖాళీ బకెట్ పెట్టాను. ఇవాళ ఎనిమిదిన్నరకి స్కేలు పెట్టి కొలిచాను. 68 మిల్లీమీటర్లు! 64.5 నుంచి భారీ వర్షం అంటారని చదివాను. మాకు భారీ వర్షం పడింది!

వంశధార_రైతు | జూన్ 14, ఉదయం 9:00

శుభం. మిల్లీమీటరంటే చదరపు మీటరుకి లీటరు నీళ్ళు. మీ మేడ యాభై చదరపు మీటర్లుంటే 3400 లీటర్లు కాలవలో పోశారు.

పాత_అబ్జర్వర్ | జూన్ 14, ఉదయం 9:20

అమ్మా, ఆ బకెట్ మూతి ఎంత వెడల్పు, అడుగు ఎంత?

బరంపురం_అప్పడాలు | జూన్ 14, ఉదయం 9:34

మూతి 30 సెంటీమీటర్లు, అడుగు 23. ఎందుకు?

పాత_అబ్జర్వర్ | జూన్ 14, ఉదయం 9:50

వెడల్పు మూతి మీద పడిన వానంతా సన్నటి అడుగులోకి చేరింది, అందుకే ఎత్తు ఎక్కువ చూపిస్తోంది. లెక్క కట్టి చూస్తే మీకు పడింది 42 దరిదాపుల్లో. నిటారు గోడలున్న బిస్కట్ డబ్బా పెట్టండి, గోడకీ చెట్టుకీ దూరంగా.

బరంపురం_అప్పడాలు | జూన్ 14, ఉదయం 10:05

అంటే భారీ కాదు, మోస్తరు. సరే, డబ్బా పెడతాను. మా అత్తగారు మాత్రం ఇప్పటికే వీధి వీధంతా 68 అని చెప్పేసి వచ్చారు.